దమ్ము రోజుల్లో ట్రాక్టర్ మొరాయిస్తే

అందరికీ నమస్కారం.

వంశధార, నాగావళి కాలువల్లో నీళ్లు పారడం మొదలైతే మనకు ఊపిరి సలపదు. నాట్లకు ముందు మడిని దున్ని బురద చేసే దమ్ముకు ఊరంతా వరుసలో ఉంటుంది, ట్రాక్టర్లు మాత్రం నాలుగైదే ఉంటాయి. వాటిలో ఒకటి పొద్దున్నే స్టార్ట్ కాకపోతే కూలీలు గట్టు మీద కూర్చుంటారు, నారు ముదిరిపోతుంది. ఉభాలు, అంటే వరినాట్లు, మొదలుకాకముందే మీతో మాట్లాడాలనుకున్నది అందుకే. స్టార్ట్ కావడం లేదని నా షెడ్డుకు తెచ్చే బండ్లలో చాలావాటికి లోపం ఇంజిన్‌లో ఉండదు, డీజిల్ వచ్చే దారిలో ఉంటుంది. ఆ దారిని మీరే వెతుక్కోగలరు.

డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ 16వ వంతుకో 17వ వంతుకో అణిచేస్తుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది కదా, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి నాజిల్ సన్నటి తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. కాబట్టి ఇంజిన్ చురుగ్గా తిరగాలి, డీజిల్ తగిన ఒత్తిడితో అందాలి. సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే ముందు బ్యాటరీ సంగతి చూడండి.

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, బండి మాత్రం అందుకోవడం లేదు. అప్పుడు పొగగొట్టం వైపు చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తోంది కానీ మండడం లేదు. నీళ్లు కలిసి ఉండవచ్చు, నాజిల్ సరిగా చిమ్మకపోవచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండవచ్చు. పొగ జాడే లేకపోతే డీజిల్ అక్కడిదాకా రావడం లేదు. ఈ తేడా తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

డీజిల్ రానప్పుడు ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి. ఇంజిన్ ఆపే నాబ్ లాగినది లాగినట్టే ఉందేమో, ట్యాంకు కింది ట్యాపు మూసి ఉందేమో చూడండి. ట్యాంకు మూతకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. దమ్ము బురద ఎండి అది పూడిపోతే బండి కాసేపు నడిచి ఆగిపోతుంది, మూత తీసి పెట్టగానే మళ్లీ నడుస్తుంది.

తరువాత నీళ్లు. ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి కొంచెం డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టి కదపకుండా ఉంచండి. నీళ్లు బరువు కాబట్టి అడుగున వేరుగా తేరుకుంటాయి. మనది తేమ ఎక్కువగా ఉండే సముద్రతీరం. సగం ఖాళీగా వదిలేసిన ట్యాంకు లోపలి గోడలకు రాత్రిపూట చెమ్మ పట్టి డీజిల్‌లోకి దిగుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టమని నేను పట్టుబట్టేది అందుకే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు లేక పడిన అవస్థ మనకు గుర్తుంది. తుపాను కబురు రాగానే క్యాన్లలో డీజిల్ నిల్వ చేయడంలో తప్పు లేదు. కానీ మూత బిగుతుగా ఉన్న శుభ్రమైన క్యానులోనే పోయండి, వాడేటప్పుడు అడుగు డీజిల్ వంచవద్దు.

ఎక్కువమందిని ఏడిపించేది ఎయిర్ పట్టడం. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చినా, వాషర్ అరిగినా గొట్టంలోకి గాలి చేరుతుంది. పంపు ఎంత నొక్కినా ఆ గాలి అణుగుతుందే తప్ప, నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు.

ఎయిర్ తీసేముందు బండిని న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు బిగించండి. ఫిల్టర్ తల శుభ్రంగా తుడవండి. నాజిళ్లకు ఒత్తిడితో డీజిల్ పంపే ఇంజక్షన్ పంపు లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి, చిటికెడు ఇసుక పడితే వేల రూపాయల నష్టం. మొదటి ఫిల్టర్ మీది స్క్రూను ఒకటిన్నర చుట్టు వదులు చేసి ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చేతిమీటను నొక్కుతూ ఉండండి. ముందు నురగ వస్తుంది, తరువాత బుడగలు, చివరికి తెగని ధార. ధార పడుతుండగానే స్క్రూ బిగించాలి. మీట వదులుగా ఆడుతుంటే ఇంజిన్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ నొక్కండి, బిగువు దొరుకుతుంది. ఆపైన రెండో ఫిల్టర్, దాని తరువాత ఇంజక్షన్ పంపు. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గరి నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించండి. ఒక్కో విడత 10 సెకన్లకు మించి కొట్టవద్దు, మధ్యలో సెల్ఫ్‌కు విరామం ఇవ్వండి.

ఇదంతా పాత తరహా పంపులున్న బండ్లకే. 2023 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు మారాయి, వాటిలో చాలావాటికి కామన్ రైల్, అంటే నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే ఏర్పాటు, ఉంటుంది. వాటి నాజిల్ గొట్టాల జోలికి వెళ్లవద్దు. ఏ బండి అయినా సరే, నాజిల్ చిమ్మేచోట వేలు పెట్టవద్దు. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిమొన అంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారాక చూద్దామనుకుంటే చేతినే కోల్పోవచ్చు. స్క్రూడ్రైవరు ఆనించి సెల్ఫ్ తిప్పడం కూడా మానండి. గేరులో ఉన్న బండి ముందు నిలబడ్డవారి మీదికి దూకుతుంది. ఇంజక్షన్ పంపు సీలు మాత్రం విప్పకండి, అది పరీక్షించే యంత్రం ఉన్న చోటే విప్పాలి.

బయట చింతచెట్టు కింద ట్రాక్టర్ పెట్టించాను, కావాలనే దానికి ఎయిర్ పట్టించాం. డ్రైవర్లు ముందుకు రండి. పానా మీ చేతికే ఇస్తాను, నేను పక్కన నిలబడి చెబుతాను.