సీసా మూతలతో శిల్పం: ఎల్ అనాట్సుయ్ కళాప్రస్థానం

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో శిల్పాన్ని చూపించలేం కనుక ముందుగా ఒకదాన్ని వర్ణిస్తాను. ఎత్తయిన గోడ మీద బంగారు వన్నె జరీ వస్త్రం వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. మధ్యమధ్య ఎరుపు, నలుపు చారలు, ముడతలు ఉంటాయి. దగ్గరికి వెళితే అందులో నూలుపోగు ఒక్కటీ కనిపించదు. ఉన్నవన్నీ మద్యం సీసాల అల్యూమినియం మూతలు. వాటిని చదును చేసి, మడిచి, మెలితిప్పి, అంచుల్లో బెజ్జాలు పొడిచి, సన్నని రాగి తీగతో ఒకదానికొకటి కట్టారు. రంగు వేయలేదు, కనిపించే రంగులన్నీ ఆయా మద్యం కంపెనీలు మూతలకు వేసుకున్నవే. ఈ ప్రక్రియతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన శిల్పి ఎల్ అనాట్సుయ్.

ఆయన 1944లో ఘనా దేశంలోని అన్యాకో అనే ఊళ్లో, ఎవే జాతి కుటుంబంలో, తండ్రికి గల ముప్పై రెండు మంది సంతానంలో కడగొట్టువాడిగా పుట్టారు. తండ్రి కెంటే అనే ఘనా సంప్రదాయ రంగురంగుల వస్త్రాలు నేసేవారు. అయితే తల్లి మరణించడంతో క్రైస్తవ మతబోధకుడైన మేనమామ ఇంట పెరిగిన అనాట్సుయ్‌కి మగ్గం విద్య అబ్బలేదు. కుమాసీలోని కళాశాలలో ఆయన శిల్పకళ చదివిన రోజుల్లో పాఠాలన్నీ పాశ్చాత్య పద్ధతిలోనే సాగేవి. ఆ లోటు తీర్చుకోవడానికి ఆయన అదే నగరంలోని సాంస్కృతిక కేంద్రానికి వెళ్లి, అక్కడి చేతివృత్తులవారి పనితనాన్ని, వస్త్రాలపై అద్దే అడింక్రా చిహ్నాలను శ్రద్ధగా పరిశీలించేవారు. ఆ తరవాత అంగడి స్త్రీలు సరుకులు పేర్చుకునే గుండ్రని చెక్క పళ్లేలు తీసుకుని, కాల్చిన ఇనుముతో వాటిపై ఆ చిహ్నాలు ముద్రించారు. చుట్టుపక్కల నిత్యం వాడుకలో ఉన్న వస్తువునే కళకు ముడిసరుకుగా ఎంచుకునే అలవాటు ఆయనకు అప్పటినుంచే ఉంది.

1975లో నైజీరియాలోని న్సుక్కా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి, 2011లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నారు. బియాఫ్రా యుద్ధంగా పేరుపడిన నైజీరియా అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లు. ఉచే ఒకేకే వంటి కళాకారులు అక్కడి ఇగ్బో జాతి స్త్రీలు గోడల మీద, ఒంటి మీద గీసే ‘ఉలి’ అనే సంప్రదాయ రేఖలకు ఆధునిక చిత్రకళలో చోటు కల్పిస్తున్న కాలమది. ఆ వాతావరణంలో అనాట్సుయ్ పగిలిన కుండల రూపాలను మట్టితో మలిచారు. 1980లో అమెరికాలో కొంతకాలం ఉన్నప్పుడు యంత్ర రంపం చేతబట్టి కలపను చెక్కడం మొదలుపెట్టారు. రకరకాల రంగుల కలప పలకలను వరసగా నిలిపి, వాటిని రంపంతో చీల్చి, కాల్చి చేసిన ఆ శిల్పాల్లో రంపపు గాటు కేవలం పనిముట్టు గుర్తు కాదు. ఐరోపా దేశాలు ఆఫ్రికాను కోసి పంచుకున్న తీరును ఆయన ఆ గాట్లలో చూశారు.

మూతల కథ 1998 ప్రాంతంలో మొదలైంది. న్సుక్కా పొలిమేరల్లో ఎవరో పారేసిన మూతల సంచి ఒకటి ఆయన కంటపడింది. దాన్ని కొంతకాలం స్టూడియోలో ఉంచుకుని, చివరికి రాగి తీగతో కుట్టి చూశారు. పాత సామాన్లకు కొత్త బతుకు ఇచ్చారంటూ వీటిని పర్యావరణం ఖాతాలో వేసేవారున్నారు. అది చాలా పైపై మాట అని నా అభిప్రాయం. ఐరోపా వర్తకులు పశ్చిమ ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకుల్లో మద్యం ముఖ్యమైనది. బానిసల బేరాల్లోనూ అది మారకపు సరుకే. అమెరికా ఖండపు చెరకు తోటల్లో ఆ బానిసల చెమటతో పండిన చెరకు రమ్ముగా మారేది. ఆ చరిత్ర తెలిసిన వారికి మద్యం సీసా మూత చెత్తగా కాక, సాక్ష్యంగా కనిపిస్తుంది.

ఒక్క మనిషి చేయగలిగే పని కాదిది. న్సుక్కాలో స్థానిక యువకులు ఎందరో కూర్చుని చిన్న చిన్న పలకలుగా అల్లుతారు. అనాట్సుయ్ వాటిని నేల మీద పరిచి, అటూ ఇటూ మార్చి, ఫొటోలు తీసి చూసుకుని, తరవాతే ఒకటిగా కలిపిస్తారు. శిల్పం పూర్తయ్యాక మడిచి పెట్టెలో పెట్టి పంపవచ్చు. విశేషమేమిటంటే, దాన్ని ఎలా వేలాడదీయాలో ఆయన శాసించరు. ముడతలు ఎక్కడ పడాలన్నది ప్రదర్శించేవారి ఇష్టానికే వదిలేస్తారు. అందుచేత ఒకే శిల్పం ఒక్కో నగరంలో ఒక్కో ఆకారం దాలుస్తుంది. శిల్పమంటే కదలక మెదలక నిలిచే రాయి అనుకునే మనకు ఇది వింతగానే తోస్తుంది.

ఇటలీలోని వెనిస్ నగరంలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శన వెనిస్ బినాలే. 2007 నాటి ఆ ప్రదర్శన ఆయనను విశ్వవిఖ్యాతుణ్ణి చేసింది. పేరు అంతర్జాతీయంగా మారుమోగే నాటికి ఆయనకు అరవై దాటాయి. 2015లో అదే వెనిస్ జీవిత సాఫల్యానికి స్వర్ణ సింహ పురస్కారం ఇచ్చింది.

2023 అక్టోబరులో లండన్‌లోని టేట్ మోడర్న్ సంగ్రహాలయపు విశాలమైన టర్బైన్ హాలులో, వేలాది మూతలతో చేసిన మూడు భారీ శిల్పాలను ప్రదర్శించారు. వాటిలో మొదటిది గాలికి ఉబ్బిన ఓడ తెరచాపను తలపిస్తుంది. దాని మీద ఎర్రని చంద్రబింబం ఉంటుంది. ఆ సంగ్రహాలయానికి పేరిచ్చిన హెన్రీ టేట్ చక్కెర వ్యాపారంలో సంపన్నుడైనవాడు. బానిసల ఓడలను, చక్కెరను, మద్యాన్ని కలిపే కథకు అంతకన్నా తగిన చోటు బహుశా దొరకదు.