పిస్టన్లు ఒక్కటే మారిస్తే బండి కొండెక్కుతుందా?

నమస్కారం. చిత్తూరు నుంచి ఒక ప్రేక్షకుడు పంపిన ప్రశ్నకు ఈ రోజు జవాబు చెబుతాను. ఆయన దగ్గర 1200 సీసీ పాత పెట్రోలు కారు ఉంది. రింగులు అరిగి పొగ వస్తుండటంతో తిరుపతిలో ఇంజిన్ దింపించారు. "ఎలాగూ విప్పాం కదా సార్, హై కంప్రెషన్ పిస్టన్లు వేసేద్దాం, తిరుమలకు మూడో గేరులోనే ఎక్కేస్తుంది" అని మెకానిక్ అన్నారట. అంటే గాలి-పెట్రోలు మిశ్రమాన్ని ఇంకా గట్టిగా నొక్కే పిస్టన్లు. వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టు, సిలిండర్ల మీది మూత అయిన హెడ్, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ కంపెనీవే ఉంటాయి. వేయించుకోవచ్చా అన్నది ప్రశ్న.

ముందు లెక్క చూద్దాం. నాలుగు సిలిండర్ల 1200 సీసీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ వాటా 300 సీసీ. పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం చోటు, పైన ఉన్నప్పటి చోటుకు ఎన్ని రెట్లో చెప్పేదే కంప్రెషన్ నిష్పత్తి. అది 9 అయితే, పిస్టన్ పూర్తిగా పైకి చేరాక దాని నెత్తిన మిగిలే ఖాళీ 37.5 సీసీ. నిష్పత్తి 11 కావాలంటే ఆ ఖాళీ 30 సీసీకి తగ్గాలి. తేడా 7.5 సీసీ, అంటే ఒకటిన్నర టీస్పూను. దీనివల్ల పాఠ్యపుస్తకాల ఆదర్శ సూత్రం ప్రకారం సామర్థ్యం 58.5 శాతం నుంచి 61.7 శాతానికి చేరుతుంది, అంటే ఉన్నదాని మీద 5 శాతం పైచిలుకు పెరుగుతుంది. రోడ్డు మీద దక్కేది అంతకన్నా తక్కువే కాబట్టి, 80 హార్స్‌పవర్ బండి మహా అయితే 83 దగ్గర ఆగుతుంది. మూడో గేరు మాట అక్కడికే తేలిపోయింది.

అసలు చిక్కు క్యామ్‌షాఫ్టు దగ్గర ఉంది. పిస్టన్ కింది నుంచి పైకి బయలుదేరాక కూడా గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. అది మూసుకున్నాకే గాలి నిజంగా నొక్కుకోవడం మొదలవుతుంది. పందేల ఇంజిన్లలో ఆ వాల్వు బాగా ఆలస్యంగా మూసుకునే క్యామ్ వాడతారు కాబట్టి, తక్కువ వేగంలో కొంత గాలి వెనక్కి పోయి, ఎక్కువ నిష్పత్తి ఉన్నా ఒత్తిడి మితిమీరదు. కంపెనీ క్యామ్ వాల్వును తొందరగా మూసేస్తుంది. అందువల్ల అవే పిస్టన్లు మామూలు ఇంజిన్‌లో, అదీ తక్కువ ఆర్‌పీఎమ్‌లో (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు), ఇంకా ఎక్కువ ఒత్తిడిని పుట్టిస్తాయి.

ఇప్పుడు మే నెల మధ్యాహ్నం అలిపిరి టోల్‌గేటు దాటి ఐదుగురితో, ఏసీ వేసుకుని రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నామనుకోండి. బయట 40 డిగ్రీల పైన ఎండ, వంపు దగ్గర వేగం పడిపోతుంది, గేరు తగ్గించడానికి బద్ధకించి యాక్సిలరేటర్ అదిమేస్తాం. ప్లగ్ దగ్గర మొదలైన మంట అంచుకు చేరకముందే అక్కడి మిశ్రమం తనంతట తాను భగ్గున అంటుకుంటుంది. ఇత్తడి చెంబులో గులకరాళ్లు వేసి ఆడించినట్టు వినిపించే ఆ చప్పుడే నాకింగ్. రెండేళ్ల కిందట నా ముందే విప్పిన ఒక ఇంజిన్‌లో మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య గట్టు గోరంత ముక్కగా విరిగి, పిస్టన్ అంచు చీమలు కొరికిన బెల్లంలా గుంతలు పడి ఉంది. (తిరుమల 850 మీటర్ల ఎత్తున ఉంది కనుక పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గి నాకింగ్ కొంత సద్దుమణుగుతుంది, అయితే కింది వంపుల్లో ఆ వెసులుబాటు ఉండదు.)

నాక్ సెన్సర్ ఉన్న కారైతే ఈసీయూ ఆ చప్పుడు పసిగట్టి స్పార్కును ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, డబ్బు పోసి కొన్న ఆ మూడు హార్స్‌పవర్లు మాత్రం వెనక్కి పోతాయి. బంకుల్లో ఇప్పుడు వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు నాకింగ్‌ను తట్టుకోవడంలో కొంత మేలే, ఎందుకంటే నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ సంఖ్య ఇథనాల్‌కు 100 దాటి ఉంటుంది. కాకపోతే ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉన్నందువల్ల, పాత ట్యూనింగ్ ఉన్న కారులో పూర్తి యాక్సిలరేటర్ వేసినప్పుడు మిశ్రమంలో గాలికి తగ్గ ఇంధనం లేక అది పలచబడే ప్రమాదం ఉంది.

కనుక నా సలహా ఇది: కంపెనీ కొలత పిస్టన్లే వేయించండి. సిలిండర్‌ను కాస్త వెడల్పు చేయించి (బోర్ చేయించి) ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే నిష్పత్తి ఎలాగూ కొద్దిగా పెరుగుతుంది. పెంచి తీరాలనుకుంటే 10 దాటకండి. మంటకు అడ్డొచ్చే ఉబ్బు తల పిస్టన్ కాక, చదును తలది ఎంచుకోండి. పెట్టె మీది అంకెను నమ్మకుండా హెడ్ గదిని కొలిపించండి. రంధ్రం చేసిన అద్దపు పలకను గ్రీజుతో హెడ్‌కు అంటించి, మందుల షాపులో దొరికే 10 ఎంఎల్ సిరంజితో కిరోసిన్ నింపితే సీసీలు తెలిసిపోతాయి. తర్వాత పిస్టన్ వాల్వులకు తగులుతుందేమో చూడటానికి, దాని నెత్తిన పిల్లలాడుకునే బంకమట్టి పెట్టి, హెడ్ బిగించి, టైమింగ్ బెల్టు సరిగా వేసి, పిస్టన్లను ఆడించే క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పమనండి. మట్టిని బ్లేడుతో కోసి చూస్తే ఇన్‌టేక్ వాల్వు కింద 2 మిల్లీమీటర్లు, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు కింద 2.5 మిల్లీమీటర్లు మందం కనిపించాలి. అంతకంటే పలచగా ఉంటే హెడ్ విప్పించి ఆ పిస్టన్లను షాపులో తిరిగి ఇచ్చేయండి.