హైదరాబాద్ ఒక దేశమా? పారిస్‌లో అడిగిన ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

1948 సెప్టెంబరు 16న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కూర్చుంది. దాని ముందున్న ఫిర్యాదు హైదరాబాద్ నిజాం ప్రభుత్వానిది. భారత సైన్యం అప్పటికి మూడు రోజుల కిందటే సంస్థానంలోకి అడుగుపెట్టింది. మమ్మల్ని కాపాడమని నిజాం ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్ వేడుకున్నాడు. భారత్ తరఫున వచ్చిన రామస్వామి మొదలియార్ ఆ గోడు మంచిచెడ్డల జోలికి పోకముందే అడ్డం తగిలారు. హైదరాబాద్ దేశమే కానప్పుడు ఇక్కడికొచ్చి ఫిర్యాదు చేసే హక్కు దానికెక్కడిది అని ఆయన వాదన.

సార్వభౌమాధికారం గురించి పాఠ్యపుస్తకాలు ఎంత చెప్పినా, ఈ ఒక్క వ్యాజ్యం చెప్పినంత సూటిగా చెప్పవు.

హైదరాబాద్‌కు ఏం తక్కువ? సుమారు 82,000 చదరపు మైళ్ల నేల, కోటీ అరవై లక్షల జనం. హాలీ సిక్కా అని సొంత నాణెం, సొంత తపాలా బిళ్లలు, సొంత రైలు, సొంత సైన్యం. దేశానికి కావలసినవి జనాభా, భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి అని 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం లెక్క చెప్పింది. మొదటి మూడూ నిజాం దగ్గర దండిగా ఉన్నాయి. చిక్కంతా నాలుగో దానితోనే.

ఆ నాలుగోది నూటయాభై ఏళ్ల కిందటే చేజారింది. 1798లో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే నిజాం రక్షణ, విదేశీ వ్యవహారాలు ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయాయి. వాళ్ల సైన్యం ఖర్చు మాత్రం ఈయనదే. 1925లో అప్పటి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్, ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్న బేరార్ ప్రాంతాన్ని తిరిగిమ్మని, సంస్థానం లోపలి విషయాల్లో తానూ బ్రిటిష్ ప్రభుత్వమూ సమానులమేనని లేఖ రాశాడు. 1926 మార్చిలో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ జవాబిచ్చాడు. భారతదేశంలో బ్రిటిష్ చక్రవర్తిదే పరమాధికారం, సమానంగా కూర్చుని మాట్లాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదని తేల్చేశాడు. మర్యాద చెడకుండా ఇంత చెంపపెట్టు లాంటి లేఖ రాయడం కూడా ఒక విద్యే.

1947లో ఆ చక్రవర్తి వెళ్లిపోయాడు. బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం పరమాధికారం రద్దయిందని చెప్పింది. పైవాడు పోయాడు కాబట్టి ఇక నేనే సర్వస్వతంత్రుణ్ని అని నిజాం తేల్చుకున్నాడు. కాగితం మీద ఆ వాదన కొట్టిపారేయదగింది కాదు. కానీ దాన్ని ఒప్పుకునేవాళ్లు ఎవరు? ఇంగ్లండే ఒప్పుకోలేదు. నాలుగు వైపులా భారత భూభాగం, ఒక్క రేవూ లేదు. గోవాలోని మార్మగోవా రేవు కోసం పోర్చుగల్‌తో బేరాలాడారు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు పాకిస్తాన్ నుంచి చాటుగా ఆయుధాలు చేరవేశాడు. తుపాకీలు దొంగచాటుగా తెచ్చుకోవలసి వచ్చిన ప్రభుత్వం తనకు తాను ఎన్ని బిరుదులు పెట్టుకుంటే ఏం లాభం?

ఇంటి లోపల పరిస్థితి ఇంకా అన్యాయం. 1946 జులై 4న కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత నల్లగొండ, వరంగల్ పల్లెల్లో సంఘం, అంటే కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ, మాటే చెల్లింది. పన్ను వసూలుకు, వెట్టికి వచ్చేవాణ్ని జనం తిప్పి పంపుతుంటే రజాకార్లను ఊళ్ల మీదికి తోలవలసి వచ్చింది. బయట గుర్తింపు లేదు, లోపల సమ్మతి లేదు. సొంత రైతు ఖాతరు చేయని ప్రభువును భద్రతా మండలి మాత్రం ఎంతకాలం నిలబెడుతుంది?

ఇక బలం సంగతి. సెప్టెంబరు 13న మొదలైన దాడి అయిదు రోజుల్లో ముగిసింది. 17 సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు. దీన్ని ఢిల్లీ యుద్ధం అనలేదు, పోలీసు చర్య అంది. యుద్ధమంటే ఎదుటివాడు కూడా దేశమేనని ఒప్పుకున్నట్టవుతుంది కదా! ట్యాంకులతో వచ్చే పోలీసులను మనవాళ్లు అదివరకు చూసి ఉండరు. గెలిచిన బలానికి కూడా చట్టం ముసుగు కావలసి వచ్చింది. ఆ తర్వాత కొన్ని జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన ఊచకోతను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు తొక్కిపెట్టింది. విమోచనమా, విలీనమా అని ఏటా వాదించుకునేటప్పుడు ఈ పేజీని ఎగరగొట్టడం నాకు నచ్చదు.

పారిస్‌లో ఏమైంది? ఫిర్యాదును ఎజెండాలో చేర్చారు, అంతే. సెప్టెంబరు 22న నిజామే దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని తంతి పంపాడు. హైదరాబాద్ దేశమా కాదా అన్నదానిపై మండలి తీర్పు చెప్పనే లేదు. దేశాలన్నీ సమానమే అని సమితి నియమావళి అంటుంది, అయిదు దేశాలకు వీటో కూడా అదే ఇస్తుంది. అలాంటి చోట మునిగిపోయిన పడవ కోసం ఎవరు దూకుతారు?

అయితే సార్వభౌమాధికారం ఉత్త మాట మాత్రమే అనుకోకండి. అదే సెప్టెంబరు 20న లండన్ బ్యాంకులోని నిజాం డబ్బు, పది లక్షల పౌండ్లకు పైగా, అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి మారింది. వెనక్కిమ్మని నిజాం కోర్టుకెక్కాడు. సార్వభౌమ దేశాన్ని దాని సమ్మతి లేకుండా పరాయి కోర్టుకు ఈడ్చకూడదన్న సూత్రాన్ని పాకిస్తాన్ అడ్డం పెట్టుకుంది. 1957లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం సరేనంది. డబ్బు అలాగే ఇరుక్కుపోయింది. చివరికి 2013లో పాకిస్తాన్ తానే దావా వేసి ఆ రక్షణను వదులుకుంది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు తీర్పు పాకిస్తాన్‌కు వ్యతిరేకంగా వచ్చింది. అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము భారత ప్రభుత్వానికీ నిజాం మనవళ్లకూ దక్కింది.