దొరికిన బండి ఇంటికి చేరేదాకా

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి, అటు పార్వతీపురం, పాతపట్నం నుంచి వచ్చిన తెలుగువారందరికీ నమస్కారం.

దొంగలు ఎత్తుకుపోయిన వాహనాలను పోలీసులు పట్టుకున్నారనే వార్త మన జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. ఠాణా ముందు వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్ళు, వాటి వెనక అధికారులు, ముఖాలకు గుడ్డలు కట్టిన నిందితులు ఉన్న ఫొటో చూడగానే కేసు తేలిపోయిందనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ ఫొటో తీసిన మర్నాటి నుంచి ఆ బళ్ళకు ఏమవుతుందన్నదే ఈరోజు నా విషయం. బండి దొరకడం వేరు, సొంతదారు చేతికి రావడం వేరు. ఈ రెంటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచిపోతున్నాయి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల కోర్టుల్లో పనిచేసే న్యాయవాదిగా నేను చూసినంతలో, ఈ ఆలస్యానికి చట్టంలోని లోపం కారణం కాదు. జప్తు చేసిన రోజున ఠాణాలో జరగవలసిన రెండు మూడు చిన్న పనులు జరగకపోవడమే అసలు కారణం.

ముందు మన భూగోళాన్ని గుర్తు చేసుకుందాం. పాతపట్నం సంతలో మాయమైన బండి, సొంతదారు వెతుకులాట మొదలుపెట్టేలోగానే పర్లాకిమిడి చేరిపోగలదు. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి 16వ నంబరు జాతీయ రహదారి, సాలూరు నుంచి కోరాపుట్‌కు 26వ నంబరు రహదారి ఉన్నాయి. ఇవి కాక కొండల్లో ఏ తనిఖీ కేంద్రమూ లేని దారులు ఎన్నో. చోరీ కేసు ఆంధ్రలోని స్టేషన్లో తెలుగులో నమోదవుతుంది. బండి ఒడిశాలోని ఠాణాలో, ఒడియాలో రాసిన జప్తు జాబితా మీద తేలుతుంది. పట్టుకున్న ఠాణా వద్ద చోరీ ఫిర్యాదు ఉండదు. కాగితాలు చూపలేని మనిషి దగ్గర అనుమానం మీద పట్టుకున్న బండి ఒకటి మాత్రమే ఉంటుంది. ఫిర్యాదు తీసుకున్న స్టేషన్ వద్ద బండి ఉండదు. ఈ రెండు కాగితాలు ఒకదానికొకటి ఎదురుపడితే తప్ప కథ ముందుకు సాగదు.

అవి ఎదురుపడేది నంబరు ప్లేటు ద్వారా అనుకుంటాం. కానీ దొంగ మొదట మార్చేది ప్లేటునే. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు, సులువుగా ఊడదీయలేని హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి అయినా, అంతకు ముందటి బళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ కొల్లలుగా తిరుగుతున్నాయి. వాటికి ప్లేటు మార్చడం స్క్రూడ్రైవర్ ఉన్నవాడికి చిటికెలో పని. కాబట్టి బండికి నిజమైన గుర్తు ఛాసిస్ నంబరు. మోటారు సైకిల్‌కైతే హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి మొత్తం 17 కొట్టి ఉంటాయి. మన దేశంలో తయారైన బళ్ళకు ఇది సాధారణంగా 'ఎం' అక్షరంతో మొదలవుతుంది. అంకెలతో తికమక పడకుండా 'ఐ', 'ఓ', 'క్యూ' అనే మూడు అక్షరాలను ఈ నంబరులో అసలు వాడరు. జప్తు జాబితాలో ఛాసిస్ నంబరు మధ్య 'ఓ' కనిపించిందంటే, రాసినవారు సున్నాను అక్షరంగా చదివారని అక్కడికక్కడే తెలిసిపోతుంది. రాత్రిపూట, టార్చి వెలుగులో, మట్టి పట్టిన మెడ మీద '8'ని 'బి'గా చదివినా అంతే. పదిహేడింటిలో ఒక్కటి తప్పు పడితే కంప్యూటరులో ఆ బండికీ చోరీ ఫిర్యాదుకీ జత కుదరదు. బండి ఠాణా ఆవరణలోనే ఉంటుంది, సొంతదారు నలభై మైళ్ళ అవతల వెతుకుతూనే ఉంటాడు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ఆర్టీవో ఆఫీసులోనూ, బీమా సర్వేయరూ చేసే పెన్సిల్ ప్రింటే చాలు. మెడను గుడ్డతో తుడిచి, పల్చని కాగితం పెట్టి, పెన్సిల్ ముక్కుతో కాక పక్కవాటుగా రుద్దితే, కొట్టిన అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా కాగితం మీదకు వస్తాయి. ఆ కాగితాన్ని జప్తు జాబితాకు అంటించి, దగ్గరగా తీసిన ఫొటో ఒకటి జతచేస్తే చేతిరాత తప్పులకు తావుండదు. నంబరును గ్రైండరుతో అరగదీసి కొత్తది కొట్టినప్పుడు కూడా ఆశ వదులుకోనక్కరలేదు. కంపెనీలో పంచ్ పడినప్పుడు ఆ ఒత్తిడికి అంకె అడుగున ఉన్న లోహం కూడా నలుగుతుంది. పైపొర పోయినా ఆ నలిగిన భాగం మిగిలే ఉంటుంది కనుక, ఫోరెన్సిక్ నిపుణులు ఆమ్ల ద్రావణం పూసినప్పుడు పాత అంకెలు చాలాసార్లు తేలి కనిపిస్తాయి. ఆ లోగా ఆ చోట తుప్పు పట్టకూడదు. బండిని వానలో వదిలేస్తే మనం పోగొట్టుకునేది టైర్లూ సీటూ మాత్రమే కాదు, సాక్ష్యం కూడా పోతుందని పోలీసు సోదరులకు మనవి చేస్తున్నాను.

ఇక చట్టం సంగతి. పాత నేర విచారణ స్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 106వ సెక్షను ప్రకారం, చోరీ సొత్తుగా అనుమానించి జప్తు చేసిన విషయాన్ని పోలీసులు ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. కోర్టుకు తరలించడానికి వీలుపడని సొత్తునూ, భద్రపరచడానికి తగిన చోటు దొరకని సొత్తునూ, అడిగినప్పుడు తెచ్చి చూపిస్తామనే బాండు మీద తగిన వ్యక్తికి అప్పగించే వీలు కూడా ఆ సెక్షనులోనే ఉంది. 497వ సెక్షను ఇంకా ముందుకు వెళ్ళింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారు కావాలి, ఫొటోలు, అవసరమైతే వీడియో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికి ఇవ్వాలో, ఏం చేయాలో కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఫొటోలే విచారణలో సాక్ష్యంగా చెల్లుతాయి. అంటే కేసు తేలేదాకా బండి ఠాణాలోనే ఉండాలన్న మాటకు ఆధారం లేదు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002 అక్టోబరు 1నే ఈ మాట స్పష్టంగా చెప్పింది. జప్తు చేసిన వాహనాలను ఠాణాల్లో ఏళ్ళ తరబడి నిలబెట్టి ప్రయోజనం లేదని, బాండు, పూచీకత్తు తీసుకుని వెంటనే తగిన ఉత్తర్వులు ఇవ్వాలని, ఎవరూ ముందుకు రాని వాహనాలను వేలం వేయించాలని అందులో ఉంది. అంతకు ఎంతో ముందు, 1977లో, బసవ్వ అనే కర్ణాటక మహిళ కేసులో ఇంకో ముఖ్యమైన సూత్రం ఏర్పడింది. ఆమె ఇంట్లో పోయిన నగలు దొరికి, పోలీసుల వద్ద ఉండగా మళ్ళీ మాయమయ్యాయి. తగిన జాగ్రత్త తీసుకున్నామని ప్రభుత్వం చూపలేకపోయింది కనుక వాటి విలువను ఆమెకు చెల్లించాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బండి ఠాణాలో ఉండగా బ్యాటరీ, స్టెప్నీ, కార్బురేటరు మాయమైతే అడిగే హక్కు మనకు అక్కడి నుంచే వచ్చింది. అయితే జప్తు నాటికి అవి బండిలో ఉన్నట్టు జాబితాలో రాసి ఉంటేనే ఆ హక్కు నిలబడుతుంది. అందుకే విడిభాగాల వరస జాబితాలో ఉండాలని నేను పట్టుబడతాను.

పోలీసుల వైపు ఇబ్బందులను కూడా చెప్పకపోతే న్యాయం కాదు. చోటు లేదు, సిబ్బంది చాలరు. బదిలీ అయిన ప్రతిసారీ మాల్‌ఖానా (జప్తు సొత్తు దాచే గది) అప్పగింత మెడకు చుట్టుకుంటుంది. ఆవరణలో పాతబళ్ళు గుట్టపడటం ఏ అధికారికీ ఇష్టం ఉండదు. కానీ సొంతదారుకు కబురు పంపే బాధ్యత ఎవరిదన్న దగ్గర పని ఆగిపోతోంది. పట్టుకున్నవారు ఫిర్యాదు తీసుకున్న స్టేషనుకు వైర్‌లెస్‌లో చెప్పామంటారు, అక్కడివారు రాతపూర్వకంగా అందలేదంటారు. ఆర్టీవో రికార్డులో సొంతదారు చిరునామా, చాలామందికి ఫోను నంబరు కూడా ఉండగా, ఠాణా నుంచి నేరుగా ఒక ఫోను చేసి, ఎప్పుడు చేశారో కేసు డైరీలో రాస్తే ఈ చిక్కు ఉండదు.

మనవైపు చిక్కు కూడా ఒకటుంది, దాన్ని దాచనక్కరలేదు. ఒడిశాలో ఉంటూ ఆంధ్ర బండి కొని, సి బుక్కు పాత యజమాని పేరు మీదే ఉంచి ఏళ్ళ తరబడి తిప్పడం ఇక్కడ మామూలైపోయింది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు బండి అదే రాష్ట్రంలో ఉంటే 14 రోజుల్లో, పక్క రాష్ట్రానికి వెళ్తే 45 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బండి చేతులు మారిన సంగతి ఆర్టీవోకు తెలియజేయాలి. అది చేయకపోతే, బండి దొరికిన రోజున కోర్టు మొదట అడిగేది రికార్డులో పేరున్న మనిషినే. ఆయన బతికి ఉండాలి, దొరకాలి, పర్లాకిమిడి కోర్టు దాకా రావడానికి ఒప్పుకోవాలి. పూర్తి సొమ్ము ఇచ్చి కొన్న మనిషి తన బండి కోసం ఇంకొకరి కాళ్ళా వేళ్ళా పడటం నేను చూశాను. పాతబండి కొనేముందు జాతీయ నేర రికార్డుల సంస్థ నడిపే ఆన్‌లైన్ సేవ వాహన్ సమన్వయ్‌లో ఛాసిస్ నంబరు వేసి చూసుకుంటే, అది పోలీసు రికార్డుల్లో చోరీ బండిగా ఉందేమో తెలుస్తుంది.

బీమా విషయంలో ఒక్క మాట. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే చోరీకి పైసా రాదు. మన కూలీల, చిన్న వ్యాపారుల బళ్ళలో ఎక్కువ భాగం అలాంటివే కనుక, ఠాణాలో తుప్పు పడుతున్న ఆ బండే వారి ఆస్తి. సమగ్ర పాలసీ ఉండి కంపెనీ క్లెయిము చెల్లించేసి ఉంటే, ఆ తర్వాత దొరికిన బండి మీద హక్కు కంపెనీది. దానిని విడిపించుకోవడానికి కంపెనీలు దరఖాస్తు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో విడుదల చేయాలని, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ కేసులో సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఇంకో కష్టం గంజాయి. కోరాపుట్, మల్కనగిరి కొండల నుంచి సరుకు దింపేవాళ్ళు చాలాసార్లు సొంత బండి వాడరు; ఎక్కడో ఎత్తుకొచ్చిన బండి మీద తరలిస్తారు. పట్టుబడితే బండి మాదకద్రవ్యాల కేసులో చిక్కుకుంటుంది, సొంతదారుకు భయం పట్టుకుంటుంది. ఠాణాకు వెళ్తే తననే నిందితుణ్ణి చేస్తారేమోనని రావడం మానేసినవాళ్ళు ఉన్నారు. ఆ భయం అక్కరలేదు. బిశ్వజిత్ దే కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విడమరచి చెప్పింది. మాదకద్రవ్యాల చట్టంలో మధ్యంతర విడుదలకు, అంటే కేసు తేలకముందే బండిని అప్పగించడానికి, అడ్డు లేదని, నిందితుడు దొంగిలించిన వాహనంలో సరుకు దొరికితే దాన్ని సాధారణంగా సొంతదారుకు మధ్యంతరంగా అప్పగించాలని అందులో ఉంది. కావలసిందల్లా బండి పోయిన రోజునే ఫిర్యాదు ఇచ్చి ఉండటం. ఆ ఫిర్యాదు కాగితమే సొంతదారుకు రక్ష. ఇప్పుడు ఏ స్టేషను పరిధిలో పోయిందన్న దానితో నిమిత్తం లేకుండా, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

చివరిగా, ప్రకటనల గురించి ఈ వేదిక నుంచి ఒక కోరిక. సొంతదారు తెలియని సొత్తుకు, హక్కుదారు ఆరు నెలల్లోగా రావాలని మేజిస్ట్రేటు ప్రకటన ఇవ్వవచ్చు. ఎవరూ రాకపోతే ఆ సొత్తు ప్రభుత్వ పరమై అమ్ముడుపోతుంది. ఈ ప్రకటన ఒడియా పత్రికలోనే వస్తే సోంపేటలోనో కొమరాడలోనో ఉన్న సొంతదారు కంట పడదు. బండికి ఏపీ నంబరుగానీ, ఆంధ్ర చిరునామాగానీ కనిపించినప్పుడు ఆ ప్రకటనను శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల సంచికల్లో తెలుగులోనూ వేయించాలని, ఆవల ఒడిశా బండి దొరికితే ఆంధ్ర పోలీసులు ఒడియాలోనూ వేయించాలని కోరుతున్నాను. బాండు మీద బండిని అప్పగించమని కోర్టును కోరే జిమ్మానామా దరఖాస్తు నమూనా తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో తయారుచేసి ఇవ్వడానికి నేనూ, నాతో పనిచేసే యువ న్యాయవాదులూ సిద్ధంగా ఉన్నాం. ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోండి. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. వెళ్ళేటప్పుడు సి బుక్కు, చోరీ ఫిర్యాదు నకలు, ఆధార్ కార్డు, ఉంటే బీమా కాగితం, బండి రెండో తాళం వెంట తీసుకెళ్ళండి.