మూడు నెలలు కుంకుడు రసం, చింతపండు పిప్పి, బత్తాయి తొక్కలతోనే ఇల్లు శుభ్రం చేశాను: ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు

అందరికీ నమస్కారం అండీ. విజయవాడ సత్యనారాయణపురంలో మా వంటింట్లోంచే మాట్లాడుతున్నాను, మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి. మూడు నెలలుగా అంట్ల లిక్విడ్, గచ్చు తుడిచే ఫినాయిల్, ఇత్తడి తోమే పౌడరు, ఏదీ కొనలేదు నేను. అంతకుముందు ఆన్‌లైన్‌లో నేచురల్ అని రాసిన సీసా ఒకటి తెప్పించాను, అర లీటరుకి మూడు వందలు దాటింది, వెనక తిప్పి చూస్తే కుంకుడు, నిమ్మ అని ఉంది. ఆ రెండూ మన వన్‌టౌన్ పచారీ కొట్లోనూ, కూరగాయల బండి మీదా దొరికేవే కదా, నేనే ఎందుకు చేసుకోకూడదు అనిపించింది.

ముందు చింతపండు సంగతి చెప్తాను, ఎందుకంటే అన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది అదే. పులుసుకి పిసికి పిండేశాక మిగిలే పిప్పి ఉంటుంది కదా, అది పారెయ్యకుండా చిన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడతాను, శుక్రవారానికి గుప్పెడు అవుతుంది. ఇదిగో ఈ కుందులు చూడండి, ఎడమ చేతిలోది తోమనిది, కుడి చేతిలోది ఇప్పుడే పిప్పీ, చిటికెడు కల్లుప్పూ వేసి కొబ్బరి పీచుతో తోమింది. ఇత్తడిలో ఉండే రాగికి గాలి తగిలి నల్లటి పొర కడుతుంది, చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఆ పొరని కరిగిస్తుంది, అంతే, ఇందులో మాయేం లేదు. కాకపోతే రుద్దేసి అలా వదిలేసి సీరియల్ చూస్తూ కూర్చోకండి, పులుపులో ఎక్కువసేపు ఉంటే ఇత్తడి మీద ఎర్రటి మచ్చలు వస్తాయి. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి, తడి ఆరితే సాయంత్రానికే మళ్లీ మసకబారుతుంది. మా అత్తగారు ఎప్పుడూ ఇలాగే చేసేవారు, నేనే పౌడరు కొని డబ్బులు పోశాను ఇన్నేళ్లూ.

ఇక కుంకుడు రసం. 20 కాయలు, గింజలు తీసేసి, లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున్నే పావుగంట మరగనిచ్చి, చల్లారాక పిసికి పల్చటి గుడ్డలో వడగట్టాలి. నురుగుకి కారణం కాయ తోలులో ఉండే సాపోనిన్లు. సబ్బు నురుగులా పొంగుతూ రాదు, అది చూసి పని చెయ్యట్లేదు అనుకుని ఇంకా ఇంకా పోసేస్తాం, మొదటి వారం నేనూ అదే చేశాను. కంచాలు, టీ గ్లాసులు, పాల గిన్నెలు హాయిగా శుభ్రం అవుతాయి. మామిడికాయల రోజుల్లో ఆవకాయ జాడీ కూడా దీంతోనే కడిగాను, సబ్బు వాసన లేదు, రెండు రోజులు ఎండలో పెట్టాక కాయ వేశాను.

కానీ గుత్తి వంకాయ చేసిన కళాయి మాత్రం ఒట్టి కుంకుడు రసానికి లొంగదు, ఉన్నది ఉన్నట్టే చెప్తున్నాను. దానికి ముందు పాత పేపరుతో నూనె తుడిచేసి, పిండి జల్లించగా మిగిలిన పొట్టు చల్లి రుద్దాలి, జిడ్డంతా ఆ పొట్టు పీల్చుకుంటుంది, తర్వాత కుంకుడు రసం వేస్తే సరిపోతుంది. అంత ఓపిక లేని రోజు మామూలు సబ్బు వాడండి, తప్పేం లేదు. ఇంకోటి, ఈ రసం ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులే, తర్వాత పులిసి వాసన వస్తుంది, అందుకే కొంచెం కొంచెంగా చేసుకోండి. కళ్లలో పడితే భగ్గుమంటుంది, పిల్లలకి అందకుండా పెట్టండి. నా మంగళగిరి చీరలు దీంతో ఉతికితే రంగు పోలేదు, మెత్తగానే ఉన్నాయి. మావారి తెల్ల చొక్కాలు మాత్రం పసుపు డాలు కొట్టాయి, వాటికి మళ్లీ సర్ఫే.

గచ్చుకి బత్తాయి తొక్కల ఎంజైమ్ వాడుతున్నాను. 100 గ్రాముల బెల్లం, 300 గ్రాముల తొక్కలు, లీటరు నీళ్లు, ప్లాస్టిక్ సీసాలో కొంచెం ఖాళీ ఉంచి పోసి, మూడు నెలలు పులియనివ్వాలి, ఆ పులిసిన నీళ్లనే ఎంజైమ్ అంటున్నాను. అనకాపల్లి బెల్లం పరమాన్నానికి ఉంచుకోండి, దీనికి చవక నల్లబెల్లం చాలు. తొక్కలు మా వీధి చివర జ్యూస్ బండి బాబాయిని అడిగితే సంచీడు ఇచ్చాడు. మొదటి నెల రోజూ మూత తీసి గ్యాస్ వదలాలి, గాజు సీసా అస్సలు వద్దు, పేలుతుంది. బకెట్ నీళ్లలో రెండు మూతలు కలిపి తడిగుడ్డ పెడితే మంచి వాసన, జిడ్డు కూడా పోతుంది. క్రిములు చచ్చిపోతాయని మాత్రం నేను చెప్పను.

మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, పంపుల మీద తెల్లగా గారకట్టేస్తుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే ఆ గార మెత్తబడి ఊడొస్తుంది, అందులో ఉన్నది సున్నం కాబట్టి పులుపుకి కరుగుతుంది. సరిగ్గా ఆ కారణానికే కడప బండ మీద నిమ్మరసం, వెనిగర్, ఈ ఎంజైమ్ వెయ్యకూడదు, అది సున్నపురాయి. ఇదిగో పొయ్యి పక్కన ఈ తెల్లటి మచ్చ నేను నిమ్మచెక్క రుద్ది తెచ్చుకున్నదే, పోవట్లేదు. గ్రానైట్‌కి ఈ గొడవ చాలా తక్కువ. వంట సోడా, వెనిగర్ కలిపితే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒకదాని బలం ఇంకొకటి తినేస్తుంది. మాడిన గిన్నెకి సోడా నీళ్లు మరిగించండి, పంపుకి వెనిగర్ వాడండి, వేరువేరుగా.

చివరిగా ఒకటి, దయచేసి వినండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా ఆడపడుచు ఇంట్లో నడుం లోతు నీళ్లు. నీళ్లు తీశాక ఆ బురదలో మురుగు కూడా కలిసి ఉంది, అక్కడ కుంకుడు రసం, తొక్కల నీళ్లు ఏ మూలకీ రావు. బురద ఎత్తిపోసి, కడిగి, బ్లీచింగ్ వేసే శుభ్రం చేశాం. మురుగు నీళ్లు వచ్చిన చోట, ఇంట్లో ఎవరికైనా వాంతులు విరేచనాలు అయిన చోట నేను ఇప్పటికీ బ్లీచింగే వాడతాను. కానీ బ్లీచింగ్‌లో నిమ్మరసం, వెనిగర్, ఈ ఎంజైమ్ ఏదీ కలవకూడదు, కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరి ఆడదు. అందుకే మా ఇంట్లో బ్లీచింగ్ డబ్బా బాత్రూం అటక మీద, ఎంజైమ్ సీసా వంటింట్లో, రెంటికీ బకెట్లు కూడా వేరు.