కొండ ఉన్నంత మాత్రాన కంకర ఉన్నట్టు కాదు

అందరికీ నమస్కారం. విశాఖలో రోడ్డు పనికి రాయి వెతకడం గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. ఎటు చూసినా కొండే కదా, వెతికేదేముంది అని. నిజమే, కైలాసగిరి మొదలు సింహాచలం దాకా కొండలకు కొదవ లేదు. కానీ మన చుట్టూ ఉన్న కొండల్లో చాలా భాగం ఖోండలైటు అనే రాయి. బాగా శిథిలమైన ఖోండలైటును కంకర కొట్టి తారు రోడ్డు పై పొరలో పరిస్తే, వానాకాలాలు గడిచేకొద్దీ దాని బండారం బయటపడుతుంది.

దాన్ని గుర్తుపట్టడానికి భూగర్భ శాస్త్రంలో పట్టా అక్కరలేదు. కొండను కోసి రోడ్డు వేసిన చోట ఆగి చూడండి. కోత ముఖం మీద ఎరుపు, తెలుపు, గోధుమ రంగు చారలు ఉంటాయి. తెల్లగా కనిపించేది కుళ్లిన ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. గోటితో గీకితే సుద్దమట్టిగా రాలుతుంది. మధ్యమధ్య ఎర్రని గింజలు కనిపిస్తే అవి గార్నెట్లు. ఆ చారల వెంబడే రాయి పలకలుగా విడిపోతుంది కాబట్టి క్రషర్‌లోంచి కూడా చపటా ముక్కలే ఎక్కువ వస్తాయి. చపటా ముక్కలూ, సన్నగా పొడుగ్గా ఉన్నవీ కలిపి 35 శాతం మించకూడదని జాతీయ రహదారుల నిర్దేశాలు చెబుతున్నాయి.

మనకు కావలసింది చార్నొకైటు అనే గట్టి రాయి. అదీ తూర్పు కనుమల రాయే. నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది, తాజాగా పగిలిన ముఖం కాస్త జిడ్డుగా మెరుస్తుంది, సుత్తి వేస్తే ఖంగుమంటుంది. కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయి ఇదే. మూడు వందల ఏళ్లకు పైగా నిలిచింది. ఇంతకంటే మంచి పరీక్షా నివేదిక ఏ ప్రయోగశాలా ఇవ్వలేదు!

అయినా నివేదిక తప్పదు. తారు పై పొర అయిన బిటుమినస్ కాంక్రీటులో వాడే కంకరకు ఇంపాక్ట్ విలువ, అంటే సుత్తి దెబ్బలకు పొడి అయ్యే శాతం, 24 లోపు ఉండాలి, కింది వెట్ మిక్స్ పొరకైతే, అంటే నీటితో కలిపి పరిచే కంకర పొరకైతే, 30 దాకా ఫరవాలేదు. క్వారీలో మీ చేతికిచ్చే ముక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి క్వారీ ముఖాన్ని పైనుంచి కిందిదాకా చూడండి. పైనున్న శిథిల రాయిని వేరు చేస్తున్నారా, అదీ క్రషర్‌లోకే పోతోందా? నమూనాను గుట్ట అంచున తీయవద్దు, పెద్ద ముక్కలన్నీ అక్కడికే దొర్లుతాయి. పై శిథిల మట్టిని పారేయనక్కరలేదు. జిగురు తక్కువగా ఉంటే రోడ్డు గట్టు పోయడానికి, కొన్నిచోట్ల సబ్‌బేస్‌కూ, అంటే కంకర పొరల కింద వేసే అడుగు పొరకూ పనికొస్తుంది.

ఇక లీడ్ సంగతి, అంటే క్వారీ నుంచి పని చోటికి ఉన్న దూరం. 7 మీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల మందం గల వెట్ మిక్స్ పొరకు కిలోమీటరుకు 1,750 ఘనపు మీటర్లు కావాలి. అదీ రోలర్ తొక్కిన తర్వాతి లెక్క. లారీల్లో వచ్చే వదులు కంకర ఇంకా ఎక్కువ. క్వారీ బాగా దూరమైతే రాయి ధర కంటే డీజిలే ఎక్కువ మాట్లాడుతుంది. అందుకే ఎస్టిమేటు వేశాక క్వారీ వెతకడం నాకు అర్థం కాని పని.

ఇసుకకు మనది పేద ప్రాంతం. శారద, వరాహ, గోస్తనీ చిన్న నదులు. గోదావరి, నాగావళి, వంశధారల వైపు చూడక తప్పదు. ఎదురుగా సముద్రం ఉంది కదా అంటారు. ఆ ఇసుకలోని ఉప్పు కల్వర్టు ఇనుమును తినేస్తుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలు వెళ్లవద్దు. అది 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. మిగిలింది రోబో సాండ్, అంటే రాయిని యంత్రంతో పగలగొట్టి చేసిన ఇసుక. క్రషర్ డస్టునే ఆ పేరుతో అమ్మేవారున్నారు, జాగ్రత్త. పిడికిట్లో నలిపితే డస్టు పొడి అరచేతికి అంటుకుని ఉండిపోతుంది.

ఉక్కు కర్మాగారం స్లాగు, అంటే లోహం కరిగించాక మిగిలే చిట్టెం, గురించి కూడా అడుగుతారని తెలుసు. కాంక్రీటులో వాడే కంకర, ఇసుకల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 383ను 2016లో సవరించినప్పుడు దీనికి కాంక్రీటులో దారి తెరిచారు. అయితే ఉక్కు స్లాగులో మిగిలిన సున్నం నీరు తగిలితే ఉబ్బుతుంది, రోడ్డును లేపేస్తుంది. నెలల తరబడి ఎండకూ వానకూ వదిలి, ఉబ్బుదల పరీక్షించాకే వాడాలి. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ కొలిమి స్లాగుకు ఈ బెడద చాలా తక్కువ.

బల్ల మీద రెండు రకాల రాళ్లూ, ఒక సుత్తీ ఉన్నాయి. ముందు వచ్చి కొట్టి చూడండి, తర్వాత ప్రశ్నలు అడగవచ్చు.