దుప్పికి .223 సరిపోతదా? బోర్ కాదు, బుల్లెట్ చూడుండ్రి

నమస్తే అందరికి. ముందుగాల ఒక మాట చెప్పి మొదలుపెడ్త. ఈ వీడియో అమ్రాబాద్ అడవిల వేట గురించి కాదు. మన దగ్గర జింకను కొట్టుడు నేరం, దాంట్ల రెండో మాట లేదు. ఇది అమెరికాల లైసెన్స్ తీసుకొని, సీజన్‌ల వేటకు పోయే మనోళ్ల కోసం. మన నల్లగొండ, పాలమూరు పోరగాండ్లు అక్కడ మస్తుమంది ఉన్నరు, అందుల కొందరు ఈ మధ్య రైఫిళ్లు కొంటున్నరు.

టెక్సస్‌ల ఉండే మా చిన్నాయన కొడుకు గట్లనే .223 రెమింగ్టన్ తూటా వేసే రైఫిల్ కొన్నడు. ఫోన్ చేసి ఏమన్నడంటే, దోస్తులల్ల కొందరు "దాంతోని దుప్పి పడదు, అది నక్కలకు, కుందేళ్లకు" అంటున్నరట. ఇంకొందరు "మేము ఏటేటా కొడుతనే ఉన్నం" అంటున్నరట. "ఎవరి మాట నిజమన్నా?" అని అడిగిండు. ఇద్దరిదీ నిజమే. కాకపోతే ఇద్దరూ బోర్, అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు, పట్టుకొని కొట్లాడుతున్నరు, దాంట్ల ఏ బుల్లెట్ వేసిన్రో ఎవ్వరూ చెప్తలేరు. ఇక్కడ బుల్లెట్ అంటే తూటా మొత్తం కాదు, బ్యారెల్ నుంచి బయటికి పోయే ముందటి ముక్క.

లెక్క చూద్దాం. .223 బుల్లెట్ మందం 0.224 అంగుళాలు, అంటే 5.7 మిల్లీమీటర్లు. బరువు మామూలుగా 55 గ్రెయిన్లు. ఒక గ్రాముకు పదిహేనున్నర గ్రెయిన్ల దాకా వస్తయి, అంటే బుల్లెట్ మొత్తం మూడున్నర గ్రాములు. గంతే. కానీ బ్యారెల్ దాటేటప్పుడు సెకనుకు 3,200 అడుగుల స్పీడ్ ఉంటది, అంటే కిలోమీటరుకు కొంచెం తక్కువ. బుల్లెట్ శక్తిని ఫుట్ పౌండ్లల్ల కొలుస్తరు, ఇది 1,250 చుట్టుపక్కల. వంద గజాలు పోయేసరికి అది వెయ్యి కిందికి దిగుతది.

ఆ వెయ్యి ఎందుకు చెప్పిన్నంటే, కొలరాడోల దుప్పి వేటకు వంద గజాల దగ్గర కనీసం 1,000 ఫుట్ పౌండ్లు ఉండాలె, బుల్లెట్ మందం కనీసం .24 అంగుళాలు ఉండాలె, బరువు 70 గ్రెయిన్లకు తగ్గొద్దు. .223 అక్కడ గేటు కాడనే ఆగిపోతది. వర్జీనియాల .23 నుంచి మొదలు. ఇంగ్లండ్‌ల పెద్ద దుప్పులకు .240, ముంట్జాక్ అసొంటి చిన్నవాటికి .220 చాలు. టెక్సస్‌ల మాత్రం రిమ్‌ఫైర్ తూటా, అంటే అడుగు అంచు మీద కొడితే పేలేది, మనకు తెలిసిన .22 రైఫిల్‌ది, అదొక్కటే వద్దు. సెంటర్‌ఫైర్, అంటే అడుగు నడుమ కొడితే పేలేది అయితే, ఏ బోర్ అయినా నడుస్తది. ఒకే జంతువు, ఒకే తూటా, ఒక రాష్ట్రంల నేరం, ఇంకో రాష్ట్రంల ఓకే. కాబట్టి యూట్యూబ్‌ల టెక్ససోడు కొట్టిండు కదా అని కొలరాడోల కొట్టకుండ్రి.

ఇంక అసలు సంగతికొస్త. స్క్రీన్ మీద బొమ్మ చూడుండ్రి, మూడు బుల్లెట్లను నిలువునా సగానికి కోసినట్టు గీసిన.

మొదటిది వార్మింట్ బుల్లెట్. పైన రాగి తొడుగు పల్చగ ఉంటది, లోపల సీసం, కొసకు ప్లాస్టిక్ ముక్క. నక్క, ప్రెయిరీ డాగ్ (ఉడుత జాతి చిన్న జంతువు) అసొంటివాటి కోసం చేసింది. తాకుడుతోనే తునకలైపోవుడే దాని పని. దాన్ని దుప్పి జబ్బ ఎముక మీద కొడితే ఏమైతది? పైపైన ఇంత పెద్ద గాయమైతది, లోపల ఊపిరితిత్తుల దాకా ఏమీ పోదు. దుప్పి ఉరుకుతది, దొరకదు, ఎక్కడో రెండు మూడు రోజులు నరకం చూసి చస్తది. ".223 దుప్పికి పనికిరాదు" అన్నోళ్లల్ల చానమంది చూసింది ఇదే. దుకాణంల .223 అని అడిగితే ముందుగాల చేతిల పెట్టేది కూడా ఎక్కువగా ఇదే, లేకుంటే రెండోది.

రెండోది ఫుల్ మెటల్ జాకెట్. కొస దాకా తొడుగు మూసి ఉంటది. చవుక. రేంజ్‌ల కాగితం మీద ప్రాక్టీస్‌కు మంచిది. దుప్పికి వద్దు, చాన రాష్ట్రాలల్ల చట్టమే ఒప్పుకోదు. సన్నటి బొక్క పెట్టి అవతలికి పోవచ్చు, లోపల అడ్డం తిరిగి విరగొచ్చు, ఏమైతదో నమ్మకం లేదు. దీని వెనుక మన దేశం కథ ఒకటి ఉంది. 1890లల్ల బ్రిటిషోళ్లు వాళ్ల సైన్యం .303 రైఫిల్‌కు ఈ తొడుగు బుల్లెట్ వాడితే, మనిషి ఆగుతలేడు అని కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంల కెప్టెన్ బెర్టీ క్లే కొస మీది తొడుగు తీసేసి, సీసం బయటికి కనబడేటట్టు చేయించిండు. అది తాకినంక కొస విచ్చుకుంటది. చూసిన దేశాలకు భయమైంది. 1899ల హేగ్‌ల కూసొని, యుద్ధంల విచ్చుకునే బుల్లెట్ వద్దని రాసుకున్నరు. అందుకే మిలిటరీది ఎక్కువగా తొడుగు బుల్లెట్. వేటల మాత్రం చట్టం దానికి ఉల్టా. అక్కడ విచ్చుకునేదే కావాలె, జంతువు తొందరగ పోవాలె.

మూడోది మనకు కావాల్సింది. విచ్చుకోవాలె, కానీ విరగొద్దు. ముందు భాగం పుట్టగొడుగు లెక్క విచ్చుకొని, వెనుక భాగం గట్టిగ నిలబడి లోపలికి పోవాలె. దీన్ని మూడు తీర్ల చేస్తరు. జాన్ నోస్లర్ అని ఒకాయన 1946ల కెనడాల మూస్ (దుప్పి జాతిల అన్నిటికంటే పెద్దది) వేటకు పోతే బుల్లెట్ పైపైన్నే చితికిపోయింది. ఆయన ఇంటికొచ్చి బుల్లెట్ నడుమ అడ్డంగ రాగి గోడ పెట్టిండు. 1948 నుంచి అమ్ముతున్నరు, పేరు పార్టిషన్. బొమ్మల చూడుండ్రి, నడుమ అడ్డం గీత కనబడుతది కదా. ముందటి సీసం చితికినా, గోడ వెనుకటి సీసం కదలదు. .224ల ఇది 60 గ్రెయిన్లది దొరుకుతది. రెండో తీరు బాండెడ్. సీసాన్ని తొడుగుకు విడిపోకుండ అతికిస్తరు, ఫెడరల్ ఫ్యూజన్ 62 గ్రెయిన్లు అసొంటిది. మూడో తీరు సీసమే లేకుండ మొత్తం రాగి. బార్నెస్ వాళ్లు 1989ల మొదలుపెట్టిన్రు, ఇప్పుడు టీఎస్ఎక్స్ అని వస్తది. తాకితే కొస నాలుగు రెక్కలుగ విచ్చుకుంటది, బరువు దాదాపు తగ్గదు. కాలిఫోర్నియాల 2019 జూలై 1 నుంచి వేటకు సీసం బుల్లెట్ బందే, అక్కడ ఉండేటోళ్లకు రాగి అసొంటి సీసం లేనిదే దారి.

నన్ను అడిగితే మా తమ్ముడికి బాండెడ్ 62 గ్రెయిన్లదే చెప్పిన. పార్టిషన్ ఇంకా మంచిదే, కానీ ధర ఎక్కువని ప్రాక్టీస్ చెయ్యకుండ దాచుకుంటడు మనోడు, నాకు తెలుసు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చానమంది చూడరు. బ్యారెల్ లోపల మెలిక గాడులు ఉంటయి, బుల్లెట్‌ను తిప్పుతందుకు. పాత .223 బోల్ట్ రైఫిళ్లల్ల 12 అంగుళాలకు ఒక చుట్టు ఉండేది. ఇప్పటివాటిల్ల 9, 8, 7 అంగుళాలకు ఒకటి. బుల్లెట్ ఎంత పొడుగైతే అంత జోరుగ తిరగాలె. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి అదే బరువుకు రాగి బుల్లెట్ ఇంకా పొడుగు. 62 గ్రెయిన్ల రాగిని 12 అంగుళాల మెలికల వేస్తే గాలిల ఊగుకుంట అడ్డం తిరుగుతది. కాగితం మీద గుండ్రటి బొక్క బదులు కోలగ, పక్కకు పండినట్టు బొక్క పడుతది. అట్ల కనబడితే ఆ బుల్లెట్ ఆ రైఫిల్‌కు పనికిరాదు, ఎంత ఖర్చు పెట్టినా సరే. మెలిక లెక్క బ్యారెల్ మీదనే చెక్కి ఉంటది, కొనకముందే చూసుకోండ్రి. ఇదే మందం బుల్లెట్ వేసే ఇంకో రకం .22-250 రైఫిల్ ఉన్నోళ్లకు మరీ జాగ్రత్త, దాంట్ల చానవరకు 14 అంగుళాల మెలికనే.

దూరం: నేనైతే 150 గజాలు దాటొద్దంటా. విచ్చుకునే బుల్లెట్‌కు స్పీడ్ కావాలె, దూరం పోతే స్పీడ్ ఉండదు, పొట్టి బ్యారెల్ అయితే మొదట్నుంచే తక్కువ. దుప్పి అడ్డంగ నిలబడాలె, ముందటి కాలు వెనుక, గుండె, ఊపిరితిత్తులు ఉండే కాడ కొట్టాలె. ఎదురుగ వస్తుంటే, వెనుకకు తిరిగి ఉంటే, ఉరుకుతుంటే, ట్రిగ్గర్ మీది నుంచి వేలు తియ్యాలె. పెద్ద బోర్ ఉన్నోడు కొంచెం తప్పినా నడుస్తదేమో, చిన్న బోర్‌ల ఆ ఎసులుబాటు ఉండదు. ఇది ఇబ్బంది అనిపిస్తే .243 కొనుక్కోండ్రి. 1955ల వచ్చింది, 100 గ్రెయిన్ల బుల్లెట్, తన్నుడు ఎక్కువ ఉండదు, కొలరాడోల కూడా నడుస్తది.

ఇంకో ముచ్చట. టెక్సస్‌ల మన చుక్కల దుప్పులు, కృష్ణజింకలు కూడా ఉన్నయి. 1932ల తెచ్చి విడిచిన్రు, బాగ పెరిగినయి. బయటి జంతువులు కాబట్టి వాటికి సీజన్ కూడా లేదు, ఏడాదంతా వేటనే. అదే కృష్ణజింక మక్తల్, మాగనూర్ దిక్కు పత్తి మొలకలు మేసిపోతే రైతు చూసుకుంట నిలబడాలె. అడవి పంది మన వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌ల, అంటే రెండో జాబితల, ఉంది, పంట పాడుచేస్తే అధికారి కాగితం ఇచ్చి కొట్టించొచ్చు. కృష్ణజింక మొదటి షెడ్యూల్. మనిషి ప్రాణానికి ముప్పైతేనో, జింకకే నయం కాని దెబ్బో రోగమో ఉంటేనో తప్ప చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కూడా కొట్టమనలేడు. దాన్ని చంపితే మూడేండ్లకు తగ్గకుండ, ఏడేండ్ల దాకా జైలు. రైతు నష్టం నిజమే, దానికి పరిహారం జల్దీ రావాలె, కంచె రావాలె. నాటు తుపాకీ మాత్రం జవాబు కాదు.

ఇగ హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్న పోరగాండ్లు ఇది ఇనుండ్రి. ఆ వీసాల మీద తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకునుడే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిల ఉంటే మినహాయింపు ఉంది. అంటే లైసెన్స్ ముందు, రైఫిల్ తర్వాత. ఆ లైసెన్స్ గడువు అయిపోతే మినహాయింపు కూడా పోయినట్టే. టెక్సస్‌ల 1971 సెప్టెంబర్ 2 నాడు గానీ, ఆ తర్వాత గానీ పుట్టినోళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలె. ఊరికి వచ్చేటప్పుడు రేంజ్‌కు తీసుకపోయిన బ్యాగు తేకుండ్రి. అడుగున ఒక్క తూటా మిగిలి శంషాబాద్ స్కానర్‌ల పడితే ఆయుధ చట్టం కింద కేసైతది, మర్చిపోయిన అంటే అక్కడ ఎవ్వరూ ఇనరు.